గుప్పెడు కుండ, గంపెడు గొప్ప

తప్పు ఒప్పుకుంటే సగం పాపం పోతుందంటారు. మిగతా సగం కూడా పోతుందేమోనన్న ఆశతో కాస్త వివరంగా రాస్తున్నాను.

నా దగ్గర ఒక టీ కుండ ఉంది. కుండ అనగానే మీకు కడవో బానో గుర్తొస్తే ఆ తప్పు మాటది. ఇది నా గుప్పిట్లో ఇమిడిపోతుంది. ఎండు ఖర్జూరం రంగు. చింతగింజంత గుబ్బ ఉన్న బుల్లి మూత, చిటికెన వేలంత ముక్కు, ఓ చెవి. లోపలా బయటా ఎక్కడా గ్లేజు పూత లేదు, వట్టి కాల్చిన మట్టి. నిండా పోస్తే 120 మిల్లీలీటర్లు పడుతుంది. ఒక్క మనిషికి సరిపోతుంది, ఆ మనిషికి మరీ దాహంగా లేకపోతే. ఖరీదు 7,200 రూపాయలు.

మా ఆవిడ లెక్కల టీచరు. ధర చెప్పినప్పుడు అరవలేదు, అలగలేదు. దిద్దుతున్న పేపర్ల మీంచి తల ఎత్తకుండానే "మిల్లీలీటరుకు అరవై" అంది. అంతే. ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో పనిచేసిన నాకు ఆ భాగహారం అప్పటిదాకా తట్టలేదు.

ఎందుకు కొన్నానో చెప్పాలి. యాభై ఆరో ఏట వాలంటరీ రిటైర్మెంటు తీసుకున్నాను. అబ్బాయి ఉద్యోగానికి పుణె వెళ్ళాడు. ఆవిడ బడికి వెళ్తుంది. బెంగళూరు జేపీ నగర్ అపార్ట్‌మెంట్లో పగలంతా నేనూ సీలింగు ఫ్యానూ. అప్పటిదాకా నేను తాగిన టీలన్నీ పదిమందితో తాగినవే. పలమనేరులో మా ఇంట్లో అమ్మ గిన్నెడు టీ కాచి, వచ్చిన తలల్ని బట్టి నీళ్ళు కలిపేది. బ్యాంకులో పదకొండింటికీ నాలుగింటికీ కుర్రాడు తీగ బుట్టలో గ్లాసులు పెట్టుకొచ్చేవాడు. తాగుతున్నంతసేపూ ఎవరో ఒకరు తమ లోను సంగతి ఎత్తేవారు. ఎవరూ వాటా అడగని టీ ఒక్కటి తాగాలన్న కోరిక నాకు తెలియకుండానే నాలో ముదిరి ఉంటుంది.

ఒక రాత్రి నిద్ర పట్టక ఫోన్లో ఒక వీడియో చూశాను. కిటికీ పక్కన ఒకాయన. బయట వాన. ముందు గుప్పెడంత మట్టి కుండ, ఉసిరికాయంత కప్పు. పోసుకుంటాడు, తాగుతాడు, కిటికీలోంచి చూస్తాడు. మాట లేదు. హౌసింగ్ లోను ఆఖరి కంతు కట్టేసిన మనిషి ముఖంలో ఉండే ప్రశాంతత ఆయన ముఖంలో ఉంది. తెల్లారేలోపు అలాంటి వీడియోలు పదకొండు చూశాను. మూడో రోజుకల్లా నేను ఆ విషయంలో పండితుణ్ణి. వారం తిరిగేసరికి ఓ ఆన్‌లైన్ దుకాణంలో కుండ కొనేశాను. చేత్తో చేసింది, అసలుసిసలు యీషింగ్ మట్టి అని రాసి ఉంది. దుకాణం పేరెందుకు లెండి, నమ్మింది నేను.

కుండ వచ్చిన రోజు సాయంత్రం మా ఆవిడను కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చాను. అందులో చెప్పినవన్నీ నిజాలే. మూర్ఖత్వానికి అబద్ధాలతోనే పనిలేదని అప్పటికి నాకు తెలియదు.

చైనాలో జియాంగ్సు రాష్ట్రంలో తాయ్ సరస్సుకు పడమటి గట్టున యీషింగ్ ఉంది. దాని పరిధిలోని డింగ్‌షు పట్టణం కుండల ఊరు. అక్కడ దొరికే మట్టిని జిషా అంటారు, ఊదారంగు ఇసుక అని అర్థం. అందులో ఇనుము, అభ్రకం, స్ఫటికపు రేణువులు ఉంటాయి. ఆ మట్టిని సారె మీద తిప్పరు. చెక్క సుత్తితో అప్పడంలా పలకలు కొట్టి, ఆ పలకను గుండ్రంగా చుట్టి, చెక్కతో తడుతూ పొట్ట తెప్పిస్తారు. 1100 డిగ్రీలు దాటిన మంటలో కాలుస్తారు. అంత మంటలోనూ అది గాజైపోదు. కంటికి కనపడని రంధ్రాలు మిగులుతాయి. నీళ్ళు కారవు కానీ టీ వాసన ఆ రంధ్రాల్లోకి దిగుతుంది.

ఈ కుండలు రాకముందు చైనాలో టీ ఆకును అచ్చుల్లో బిళ్ళలుగా ఒత్తి, పొడి చేసుకుని వాడేవారు. మింగ్ వంశపు మొదటి చక్రవర్తి 1391లో ఆ బిళ్ళలను కప్పంగా తేవద్దని, విడి ఆకే పంపమని ఆజ్ఞ ఇచ్చాడు. విడి ఆకును నానబెట్టి వడకట్టుకోవాలంటే ముక్కున్న పాత్ర కావాలి. యీషింగ్ కుండకు అలా దారి పడింది. పదహారో శతాబ్దం మొదట్లో గోంగ్ చున్ అనే పనికుర్రాడు ఒక గుడిలో సన్యాసి మట్టి పని చేస్తుంటే చూసి, మిగిలిన మట్టితో దొంగచాటుగా ఒక కుండ చేశాడని, అదే తొలి పేరున్న కుండ అని అక్కడ కథగా చెప్పుకుంటారు. ఆ తర్వాత ఈ విద్య ఎన్ని ఊళ్ళు తిరిగిందో. హాలండులో డెల్ఫ్ట్ కుమ్మరులు పదిహేడో శతాబ్దంలోనే ఆ ఎర్ర కుండలను చూసి అలాంటివి చేశారు. 1878లో జిన్ షిహెంగ్ అనే చైనా పనివాడు జపాన్‌లోని తొకొనామే వెళ్ళి అక్కడి కుమ్మరులకు ఈ పద్ధతి నేర్పాడు.

"అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి" అని గొంతు సవరించుకున్నాను. మింగ్ కాలం చివర్లో ఫెంగ్ కెబిన్ అనే ఆయన టీ గురించి రాస్తూ, కుండ చిన్నదైతేనే మేలనీ, వచ్చిన ప్రతి అతిథికీ ఎవరి కుండ వాళ్ళకే ఇచ్చి ఎవరిది వాళ్ళు పోసుకు తాగమనాలనీ అన్నాడు. పెద్ద కుండలో వాసన చెదిరిపోతుందట. "చూశావా? ఒంటరిగా తాగడమే శాస్త్రం."

"అతిథికి ఇంకో కుండ ఇమ్మన్నాడు కదా," అంది ఆవిడ. "ఇంకో 7,200 ఉందా?"

నేను వినిపించుకోలేదు. అప్పటికే మూడు నియమాల దగ్గరికి వచ్చేశాను. ఒకటి, ఒక కుండలో ఒకే రకం టీ. రెండు, జన్మలో సబ్బు తగలకూడదు. మూడు, కుండను పెంచాలి. చైనా వాళ్ళు అచ్చంగా ఆ మాటే వాడతారు. రోజూ తాగుతూ, తడి గుడ్డతో తుడుస్తూ ఉంటే ఏళ్ళ మీద దానికి ఓ నిగారింపు వస్తుంది. ఈ నియమాలను కాగితం మీద రాసి వంటింట్లో ఫ్రిజ్‌కు అంటించాను. మా పనమ్మాయికి ప్రత్యేకంగా చదివి వినిపించాను. "సార్, నేను దాన్ని ముట్టుకోను" అంది. ఆ అమ్మాయి మాట నిలబెట్టుకుంది. కుండకు జరిగిన చెడు మొత్తం నా చేతులతోనే జరిగింది.

కొత్త కుండను వాడకముందు ఉడకబెట్టాలి. ఏ టీ తాగదలచుకున్నామో ఆ ఆకు వేసి సన్నటి సెగ మీద గంటలకొద్దీ ఉంచాలి. నేను నీలగిరి ఆకు టీ తెచ్చిపెట్టుకున్నాను. మనం పాలు పోసి కాచుకునే రవ్వలాంటి టీ ఈ కుండకు పనికిరాదు. అది 1930ల్లో అస్సాంలో వచ్చిన సీటీసీ యంత్రపు సరుకు. ఆ యంత్రం ఆకును నలిపి, చీల్చి, చుట్టేస్తుంది. ఆ రవ్వ ముక్కులో ఇరుక్కుంటుంది. సరే, కుండ మునిగేంత గిన్నె కావాలి. షెల్ఫులో అడుగున ఒక పాత సత్తు గిన్నె కనిపించింది. సరిగ్గా సరిపోయింది.

ముందు రోజు రాత్రి అందులో చారు కాచారు. పనమ్మాయి అప్పటికింకా రాలేదు. నేనే కడిగాను. సబ్బు వేద్దామని చెయ్యి చాచి ఆగిపోయాను. సబ్బు తగలకూడదు! గిన్నెకు పట్టిన సబ్బు కుండకు పడితే? నియమం కుండకే కాదు, కుండ దిగే నీళ్ళకూ వర్తించాలి కదా. ఎంత నిష్ఠ! మూడుసార్లు వట్టి నీళ్ళతో తొలిచి, కుండ దింపి, ఆకు వేసి, నాలుగు గంటలు సన్నసెగ మీద ఉడకబెట్టాను. మధ్యమధ్య వెళ్ళి చూసుకున్నాను. మొదటి కాన్పు అప్పుడు కూడా నేను అంతసేపు మేలుకుని లేనని మా ఆవిడ సాక్ష్యం.

మర్నాడు మొదటి టీ. కిటికీ పక్కన కుర్చీ వేసుకున్నాను. బెంగళూరు నా మీద దయతలచి నాలుగు చినుకులు కూడా రాల్చింది. ఉసిరికాయంత కప్పులో పోసుకుని వాసన చూశాను. ఏదో ఉంది. నీలగిరి టీలో ఇదివరకు ఎప్పుడూ తగలని ఘాటు. కాస్త మట్టి, కాస్త మందుల దుకాణం, అడుగున ఏదో పాతకాలపు గుడి వాసన. కళ్ళు మూసుకున్నాను. కుండ మాట్లాడుతోంది అనుకున్నాను.

మూడు నెలలు ఆ మాటే అందరికీ చెప్పాను. పాత కొలీగు ఒకాయన వస్తే కప్పు ముక్కు దగ్గర పెట్టి "గమనించు" అన్నాను. ఆయన మర్యాదస్తుడు, గమనించాడు. "ఏదో ఉంది" అన్నాడు. "పాతబడిన యీషింగ్ మట్టికి వచ్చే గుణం" అన్నాను. కుండ వయసు అప్పటికి ఆరు వారాలు.

అంతలో కుండ పైన తెల్లటి గీతలు తేలాయి. ముక్కు చుట్టూ, మూత అంచున, సన్నగా, ముగ్గు పిండి రాసినట్టు. నిగారింపు మొదలైందని ఫొటోలు తీసి అబ్బాయికి పంపాను. వాడు ఇంజనీరు. "నాన్నా, అది సున్నం" అని తిరిగి రాశాడు. మా అపార్ట్‌మెంటుది బోరు నీళ్ళు, ఎండాకాలం ట్యాంకరు నీళ్ళు. 1974 నుంచీ ఈ ఊరికి కావేరి నీళ్ళు వంద కిలోమీటర్ల అవతల తొరెకాడనహళ్ళి నుంచి గుట్టలెక్కి వస్తూనే ఉన్నాయి కానీ మా గొట్టం దాకా వచ్చేసరికి వాటికి ఓపిక ఉండదు. బోరు నీళ్ళలో కరిగి ఉన్న సున్నం మరిగేసరికి విడిపోయి ఎక్కడ పడితే అక్కడ పేరుకుంటుంది. మా గీజరుకు ఏ నిగారింపు వచ్చిందో నా కుండకూ అదే వచ్చింది.

ఇవి నవ్వుకునే తప్పులు. నవ్వురాని తప్పు ఒకటుంది.

మా ఎదురు ఫ్లాటులో ఒక కన్నడ పెద్దాయన ఉంటారు. గడియారాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. నేను ఇంటిపట్టున ఉంటున్నానని తెలిసి సాయంత్రం నాలుగింటికి వచ్చి కూర్చునేవారు. ఒకరోజు ఆయన వచ్చేసరికి నేను కుండతో ఉన్నాను. ఆయన చూసి ముచ్చటపడ్డారు. "ఎష్టు చెన్నాగిదె సార్! బై-టూ మాడోణా?" అన్నారు. ఎంత బాగుందో, బై-టూ చేద్దామా అని.

బెంగళూరులో బై-టూ అంటే ఏమిటో బయటివాళ్ళకు చెప్పాలి. హోటల్లో ఒక కాఫీ చెప్పి రెండు లోటాల్లో పోయమనడం. డబ్బు లేక కాదు. 1980ల్లో జయనగర్‌లో దర్శిని హోటళ్ళు మొదలయ్యాక, నిలబడి తాగే ఆ బల్లల దగ్గర అది ఈ ఊరి పలకరింపు అయిపోయింది. కొత్త పరిచయమైనా, పాత స్నేహమైనా, ఆఫీసు గొడవ సర్దుబాటైనా మొదటి మాట బై-టూ. సగం కాఫీలో పట్టే మాటలు నిండు కాఫీలో పట్టవు.

ఆ మాటకు నేను ఇచ్చిన జవాబు ఇది: "ఇందులో బై-టూ కుదరదు సార్, ఇది ఒక్కరి కుండ." పైగా ఫెంగ్ కెబిన్‌ను ఉదహరించాను. ఆయనకు కాఫీ మగ్గులో దారం కట్టిన టీ సంచీ ఒకటి ముంచి ఇచ్చాను. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. నేను నా కుండలోంచి పోసుకుంటున్నాను, ఆయన దారం పట్టుకుని సంచీని పైకీ కిందకీ ఆడిస్తున్నారు. తాగి, బాగుంది అన్నట్టు "చెన్నాగిత్తు" అని లేచారు.

మర్నాడు నాలుగింటికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఇక కుదురుగా తాగొచ్చు అనుకున్నాను. పది రోజుల తర్వాత కొత్తిమీరకని బయటికి వెళ్తే వీధి చివరి దర్శినిలో కనిపించారు. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌తో కలిసి బై-టూ తాగుతున్నారు. నన్ను చూసి చెయ్యి ఊపారు. ఆ చేతిలోని లోటాలో ఉన్నది అరవై మిల్లీలీటర్లకు మించదు. నా కుండలో సరిగ్గా సగం.

దసరాకు వారం ముందు పలమనేరు నుంచి అమ్మ వచ్చింది. బొమ్మల కొలువు పెట్టడం ఏటా ఆమె పని. వస్తూనే వంటింట్లోకి వెళ్ళి, ఫ్రిజ్ మీది నియమావళి చదివి, గట్టు మీద కుండను చూసింది.

"లక్కపిడత బలే ఉందే. కొలువుకా?"

"టీ కుండమ్మా."

"ఎవురికి? బొమ్మలకా?"

నేను మళ్ళీ ఉపన్యాసం ఎత్తుకున్నాను. డింగ్‌షు, 1391, పనికుర్రాడు, రంధ్రాలు, పెంపకం. ఆమె నిలబడి అంతా వినింది. మధ్యలో మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒకసారి చూసింది. ఇంకోసారి చూసింది.

"రేయ్, దీంట్లో చారెందుకు కాంచినావు?"

"చారేంటమ్మా! అది మట్టి గుణం, నీకు..."

"మట్టి గుణం నాకు తెలీదా? ఇంగువ. పోపు. మిరియాలు కూడా తగల్తా ఉండాయి." అంటూ షెల్ఫు కింద నుంచి ఆ సత్తు గిన్నె లాగి గట్టు మీద పెట్టింది. "ఇదే గిన్నె కదా?"

ఇంగువ కట్టిన గుడ్డ అని మనకో సామెత ఉంది. ఇంగువ పోయినా గుడ్డకు వాసన పోదు. దానికి చైనా దాకా వెళ్ళక్కర్లేదు. మూడు నెలలుగా కళ్ళు మూసుకుని నేను ఆఘ్రాణిస్తున్న పాతకాలపు గుడి వాసన మా ఇంటి మిరియాల చారుది. నా కుండ నిజంగానే మాట్లాడింది. "నన్ను చారులో ఉడకేశాడు" అని మొదటి రోజు నుంచీ మొత్తుకుంటోంది.

మా ఆవిడ పేపర్లు దిద్దే కలం కింద పెట్టి మరీ నవ్వింది. అమ్మ నవ్వలేదు. కుర్చీలో కూర్చుని ఫ్రిజ్ వైపు చూపించింది. "అదంతా నువ్వు రాసిందేనా? సబ్బేయగూడదు, ఒక దాంట్లో ఒకటే చెయ్యల్ల, ముందు పదును చెయ్యల్ల, అని?"

"అవును."

"అవ్వ పులుసు చట్టి గుర్తుండాదా?"

గుర్తుంది. అక్కడితో నా నోరు పడిపోయింది.

పలమనేరులో మా నాయనమ్మ వంటింట్లో మూడు చట్లు ఉండేవి. ఒకటి పులుసుకు, ఒకటి పప్పుకు, ఒకటి పెరుగుకు. చేపల చట్టి ఇంకొకటి పెరట్లో విడిగా ఉండేది. పులుసు చట్టిలో పప్పు వండితే అవ్వ ఊరుకునేది కాదు. కొత్త చట్టి వస్తే ముందు ఒక రోజు నీళ్ళలో నానేసేది. తర్వాత బియ్యం కడిగిన నీళ్ళు పోసి, గంజి పోసి, సన్నసెగ మీద కాచి, "పొయ్యికి అలవాటు చెయ్యాల నాయనా" అనేది. తోమడానికి బూడిద, కొబ్బరి పీచు. సబ్బు వాసన చూపించేది కాదు. పెరుగు చట్టి గోడ నీళ్ళను పీల్చుకుని ఆవిరి చేస్తుంది కాబట్టి పెరుగు గడ్డలా తోడుకునేది. మా ఊరి కుమ్మరులు పేరున్న పనివాళ్ళు. ఇవాళ్టికీ బెంగళూరు నుంచి చిత్తూరు పోయే దారిలో పలమనేరు దగ్గర రోడ్డు పక్కన వాళ్ళ మట్టి సామాను వరసలుగా పేర్చి ఉంటుంది. నేను బడికి వెళ్ళే దారిలోనే సారె తిరుగుతుండేది. నిలబడి చూసేవాణ్ణి. ఒక్క ప్రశ్న అడిగిన జ్ఞాపకం లేదు.

అవ్వ పులుసు చట్టికి ముప్ఫై ఏళ్ళ వయసు ఉండేది. లోపల నల్లగా, అద్దంలా ఉండేది. అందులో వట్టి నీళ్ళు కాచినా పులుసు రుచి వచ్చేదని ఇంట్లో వేళాకోళం. బ్యాంకులో ఉద్యోగం వచ్చిన కొత్తలో మా మేనేజరు, ఇద్దరు స్నేహితులు ఇంటికి భోజనానికి వస్తున్నారని తెలిసి, నేనే అవ్వతో అన్నాను: "అవ్వా, ఆ చట్లు తీసెయ్. చూసేవాళ్ళు ఏమనుకుంటారు? స్టీలువి పెట్టు." అవ్వ మాట్లాడకుండా తీసింది. పులుసు చట్టిని పెరట్లో పెట్టారు. కొన్నాళ్ళు అందులో కోళ్ళకు నీళ్ళు పోశారు. ఏదో వానాకాలం పగిలింది. స్టీలు గిన్నెలో పులుసు బాగానే ఉందని అందరూ అన్నారు. అవ్వ మాత్రం ఆ తర్వాత పులుసు కలుపుకోవడం తగ్గించింది. పళ్ళు ఊడాయి కాబట్టి అనుకున్నాం.

ముప్ఫై ఏళ్ళు పెరిగిన కుండను కోళ్ళకు పారేసి, మిల్లీలీటరుకు అరవై పెట్టి ఇంకో దాన్ని మొదటి నుంచి పెంచడం మొదలుపెట్టాను. లెక్కల టీచరుకు ఈ లెక్క నేనింతవరకూ చెప్పలేదు. ఇదిగో, ఇక్కడ చదువుకుంటుంది.

మర్నాడు అమ్మ "మీ ఇంట్లో ఒక్క చట్టన్నా లేదు" అని నన్ను బయల్దేరదీసింది. ఎక్కడికి తీసుకెళ్ళాలో నాకు తెలుసు. కంటోన్మెంటు స్టేషనుకు అటువైపు, బెన్సన్ టౌను పక్కన పాటరీ టౌన్ అని కుమ్మరుల పేట ఉంది. నాగవార వైపు వేస్తున్న గులాబీ మెట్రో లైన్లో ఒక స్టేషనుకు ఆ పేరే పెట్టారు. వినాయక చవితికి విగ్రహాలు, దీపావళికి ప్రమిదలు అక్కడి నుంచి వస్తాయి. చెరువులు ఇళ్ళ స్థలాలైపోయాక మట్టి దొరకడమే కష్టమైందని వాళ్ళు చెప్తారు. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ నేను అటు వెళ్ళడం అదే మొదలు. నా కుండను రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాను. ఎందుకంటే, ఇంకా నా బుద్ధి పోలేదు. మన కుమ్మరికి అసలైన పనితనం చూపిద్దామనుకున్నాను.

అమ్మ చట్లను వరసగా వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టి విన్నది. బొదబొదమన్నవి పక్కన పెట్టింది, ఖంగుమన్నది ఎంచింది. బేరం ఆడి 220కి తెగ్గొట్టింది. ఆ తర్వాత నేను రుమాలు విప్పాను. కుమ్మరి పెద్దాయన కుండను అరచేతిలో తిప్పి, మూత తీసి, బొటనవేలు లోపల పెట్టి చుట్టూ నిమిరాడు. చెవి కింద గోటితో గీశాడు.

"అచ్చు సార్ ఇది," అన్నాడు తమిళం కలిసిన తెలుగులో. "మట్టి పలచగా కలిపి అచ్చులో పోసినారు. ఇక్కడ అతుకు గీత చూడండి. లోపల చెయ్యి పడిన గుర్తే లేదు."

"చేత్తో చేసిందని రాశారండీ."

"చేత్తోనే పోసుంటారు సార్."

అయినా ఊరుకోలేదు నేను. ఇలాంటిది ఒకటి మీరు చెయ్యగలరా అని అడిగాను. పొట్ట చెయ్యడం ఎంతసేపు, ముక్కూ మూతా కుదరాలి అన్నాడు. మూత బిగువుగా కూర్చోవాలి, ముక్కు కొస మూతి ఎత్తుకు తగ్గకూడదు, తగ్గితే నిండా పోయకముందే కారిపోతుంది. చేశాడు కూడా. వారం తర్వాత వెళ్ళి తెచ్చుకున్నాను. అందంగా ఉంది, కాస్త వంకరగా, చెయ్యి పడిన గుర్తులతో. టీ పోసి పేపరు మీద పెట్టాను. పావుగంటకు పేపరు మీద తడి వలయం. కుండ చెమర్చింది. మన ఆవం మంట మామూలుగా వెయ్యి డిగ్రీల లోపే ఉంటుంది, మట్టి అంత బిగుసుకోదు. ఆయన ముందే చెప్పాడు, "మా మట్టి ఊరుతుంది సార్" అని. ఊరబట్టే కదా ఎండాకాలం మన కడవలో నీళ్ళు చల్లగా ఉండేది, అవ్వ పెరుగు గడ్డకట్టేది. ఆ మట్టికి దాని పని ఉంది. టీ కాదు. అది నేను అడగకుండా ఉండాల్సిన పని.

ఇంతకీ నా అచ్చు కుండ సంగతి. పారేద్దామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "అచ్చుదైతే ఏమి, మట్టిది కాదా? మనం చేసిన దానికి అదేం జేస్తుంది?" అని, దాన్ని బియ్యం కడిగిన నీళ్ళలో కాచింది. ఎండలో బోర్లించింది. మళ్ళీ కాచింది, మళ్ళీ ఎండబెట్టింది. మూడు రోజులు. అవ్వ చట్లకు చేసినదే. నాలుగో రోజు మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇంకొంచిం ఉండాది, కానీ బతికిపోతావులే" అంది. నన్నో, కుండనో తెలియలేదు.

ఆ సాయంత్రం ఎదురింటి తలుపు కొట్టాను. క్షమాపణ చెప్పే అలవాటు లేదు కాబట్టి, "సార్, బై-టూ" అని మాత్రం అన్నాను. ఆయన నన్ను ఓ క్షణం చూసి చెప్పులు వేసుకున్నారు. రెండు స్టీలు లోటాల్లో పోశాను, చెరో అరవై. ఆయన ఒక్క గుక్కలో తాగేసి, "ఇన్నొందు" అన్నారు, ఇంకొకటి అని. అప్పుడు తట్టింది, వీడియోల్లో చూసి కూడా నాకు ఎక్కని సంగతి. ఈ చిన్న కుండలో ఆకు దండిగా వేసి, కొద్దికొద్దిగా నీళ్ళు పోస్తూ అయిదారు సార్లు వంచుకోవచ్చు. చైనా దక్షిణాన చావ్‌జౌ వైపు ఇంతటి కుండతోనే మూడు కప్పులు పెట్టుకుని, వచ్చినవాళ్ళకు తిప్పితిప్పి పోస్తూ పూట గడుపుతారు. కుండ చిన్నదైనది ఒక్కడి కోసమే కాదు, మాటిమాటికీ పోయడం కోసం కూడా. పదకొండు వీడియోల్లో నేను ఒంటరి మనిషిని మాత్రమే ఏరుకుని చూశాను.

ఆరుసార్లు పోశాను. చివరి రెండూ వట్టి వేడినీళ్ళే. ఆయన ఏమీ అనలేదు. గడియారాల ఫ్యాక్టరీ కబుర్లు చెప్పారు. మొదటి గుక్కలో కొంచెం మిరియం తగిలిందని కూడా చెప్పారు.

కొలువు పెట్టినప్పుడు అమ్మ కుండను అడక్కుండానే తీసుకుంది. మూడో మెట్టు మీద, అంగడి పెట్టుకుని కూర్చున్న శెట్టిగారి దంపతుల బొమ్మల పక్కన, ఏటికొప్పాక లక్కపిడతల వరసలో పెట్టింది. అక్కడ అది అచ్చంగా ఇమిడిపోయింది. ఫ్రిజ్ మీద కాగితం నేనే చింపేశాను.

పేరంటానికి ఎదురింటి పెద్దాయన మనవరాలు వచ్చింది. ఏడేళ్ళుంటాయి. బొమ్మలన్నీ చూసుకుంటూ వచ్చి కుండ దగ్గర ఆగింది.

"అజ్జీ, ఇదరల్లి ఎష్టు హిడియుత్తె?" ఎంత పడుతుందని.

నేను 120 అనబోయాను. అమ్మ ముందే అందుకుంది.

"మా వాడి తెలివి పట్టేంత. ముట్టుకోబాకమ్మా, పగుల్తుంది."